దిగువ తిరుపతి – క్షేత్రవైభవము, క్షేత్రవ్యథ

శ్రీనివాసాయ నమః



2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడినది. అంతవరకు నెల్లూరు జిల్లాలో నుండిన సూళ్లూరుపేట, తడ ప్రాంతములు ఆ దినము నుండి తిరుపతి జిల్లాలోనివైనవి. ఇది ప్రభుత్వపు లెక్క. ఐనను ఈ మార్పుతో మనకొక క్రొత్త చూపు కలిగినదని మేము తలచుచున్నాము. అంతకు పూర్వము తడవారికి తిరుపతి యనగా దేవుని ఊరు. ముడుపు కట్టుకొని పోయి, కొండ నెక్కి, గోవిందనామము చెప్పి, తలనీలాలు సమర్పించి తిరిగి వచ్చుటయే యెరుగుదుము. నేడు భూమి కాగితముల కొరకును, కచేరి పనుల కొరకును కూడ అక్కడికే పోవలసి యున్నది. దేవుని కొరకు పోవువాని చూపు కొండమీద నుండును. పనికొరకు పోవువాని చూపు ఊరిమీద పడును. ఇన్ని తరములుగా కొండను చూచుచు మనము కొండక్రింది ఊరిని చూడలేదు. ఈ ఉపన్యాసమున ఆ దిగువ తిరుపతి చరిత్రను, దాని శోభను, దాని కష్టమును గూర్చి విన్నవించెదము.

క్షేత్రమనగా నేమి?

క్షేత్రము అను పదమును మనము పుణ్యస్థలమను అర్థముననే వాడుచున్నాము. కాని ఆ పదమునకు మొదటి అర్థము పొలము. దున్ని, విత్తి, నీరు పెట్టి, కలుపు తీసి, కాపు కాయవలసిన నేల క్షేత్రము. అట్లే తీర్థమనగా మొదట నీటిరేవు. దిగి స్నానము చేయుటకు, దాటుటకు వీలైన చోటు. కనుక తీర్థక్షేత్రమనిన మాటలోనే నీరును, నేలయును ఉన్నవి. దేవుడు స్వయంవ్యక్తుడు కావచ్చును. ఆయనను సేవింప వచ్చువారికి తాగుటకు నీరు, తినుటకు అన్నము, నిలుచుటకు నీడ మాత్రము స్వయంవ్యక్తములు కావు. వానిని మనుష్యులు తరతరములుగా శ్రమించి కల్పింపవలసినదే. ఈ సత్యమును మరచిన క్షేత్రము సాగులేని పొలము వంటిది. తిరుపతి చరిత్రను ఈ దృష్టితో చదివినచో దాని వైభవమునకును, వ్యథకును మూలమొకటే యని తెలియును.

ఊరు పుట్టిన విధము

వేంకటాద్రిని ప్రాచీన తమిళ గ్రంథములు వేంగడమని పిలిచి, తమిళ దేశమునకు ఉత్తరపు హద్దుగా చెప్పినవి. అనగా ఈ కొండ రెండు భాషల నడుమ సరిహద్దు రాయి. తమిళుల దృష్టిలో అది తమ దేశపు తుద, తెలుగువారి దృష్టిలో తమ దేశపు మొదలు. సరిహద్దున నుండు తడవారికి ఈ మాట వేరుగ వివరింపనక్కరలేదు. హద్దు విడదీయును, కలుపును కూడ. తిరుపతి కలిపినది.

ఆదికాలమున కొండక్రింద నేటి నగరము లేదు. స్వర్ణముఖీ తీరమున తిరుచానూరు ఉండెను. అక్కడి సభ దేవకార్యములను నిర్వహించినట్లు శాసనములు చెప్పుచున్నవి. పల్లవరాణి సామవై సమర్పించిన వెండిమూర్తియే నేటికిని తిరుమలలో భోగశ్రీనివాసమూర్తిగా పూజలందుచున్నది. తరువాత శ్రీరామానుజాచార్యులవారి కాలము వచ్చెను. చిదంబరమున గోవిందరాజస్వామికి ఇక్కట్టు కలిగినప్పుడు ఆ స్వామిని కొండక్రిందికి తెచ్చి ప్రతిష్ఠించి, గుడిచుట్టు వీధులు తీర్చి, కైంకర్యపరులకు ఇండ్లు కట్టించి ఊరుగా నిలిపినవారు ఆచార్యులవారేయని సంప్రదాయము. దానికి 1130వ సంవత్సరమును చెప్పుదురు. ఆ ఊరికి గోవిందరాజపట్టణమని పేరు. క్రమముగా తిరుపతి యను పేరు దానికే స్థిరపడినది.

ఇందొక విశేషమును గమనింపుడు. ఈ ఊరు ఒక ఆశ్రితరక్షణతో ప్రారంభమైనది. తన చోట నిలువనీడ లేక వచ్చిన స్వామికి ఇక్కడ చోటు దొరికెను. ఆ స్వామి చుట్టు మనుష్యులకు చోటు దొరికెను. జనసామాన్యము చెప్పుకొను కథ మరియొకటి కలదు. గోవిందరాజస్వామి శ్రీనివాసునకు అన్నగారట. తమ్ముడు పెండ్లికి కుబేరుని వద్ద చేసిన అప్పు తీర్చుటకు, వచ్చిన కానుకలను కుంచముతో కొలిచి కొలిచి యలసి, ఆ కుంచమునే తలక్రింద పెట్టుకొని పవళించెనట. పురాణప్రమాణము మాట యట్లుంచుడు. పైనున్న తమ్మునికి వచ్చిన సొమ్ము లెక్క క్రిందనున్న అన్న చూడవలెనన్న భావము ఈ ఊరి స్వభావమును చక్కగ చెప్పుచున్నది. కొండకు కావలసిన పాలు, పూలు, బియ్యము, కూరలు, పనివారు, వైద్యము, విద్య – అన్నియు దిగువ ఊరినుండియే పైకి పోవును. పేరు కొండది, బరువు ఊరిది.

నైవేద్యమునకు మూలము చెరువు

తిరుమల తిరుపతి ఆలయముల గోడలమీద వేయికి పైగా శాసనములు కలవు. దేవస్థానమువారు వానిని సంపుటములుగా ప్రకటించిరి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1930లో ఆ శాసనములపై సమగ్రమైన నివేదిక వెలువరించిరి. వానిలో పెక్కింటియందు ఒకే విధమైన ఏర్పాటు కనబడును. మన భక్తజనులు తప్పక తెలిసికొనవలసిన విషయమిది.

ఒక భక్తుడు నిత్యము స్వామికి ఒక తళిగ నైవేద్యము జరుగవలెనని సంకల్పించును. అందులకై శ్రీభండారమునకు కొంత పైకము చెల్లించును. స్థానత్తారులను ఆలయ నిర్వాహకులు ఆ పైకమును పెట్టెలో దాచరు, వడ్డీకి తిప్పరు. దేవుని మాన్యగ్రామములలో చెరువు త్రవ్వించుటకో, కాలువ తీయించుటకో, పూడిక యెత్తించుటకో వెచ్చింతురు. ఆ నీటివలన మెట్ట మాగాణియగును. పెరిగిన పంటనుండి స్వామికి నిత్యనైవేద్యము జరుగును. నైవేద్యమైన ప్రసాదములో నాలుగవ వంతు దాతకు చెందును. దానిని అతడు యాత్రికులకు పంచిపెట్టవచ్చును. ఇట్టి పద్ధతి విజయనగర రాజుల కాలమున విస్తారముగా సాగెను. సాళువ నరసింహరాయలనాడు కందాడై రామానుజయ్యంగారి నిర్వహణలో తిరుమల, తిరుపతులలో రామానుజకూటములు నడచినవి. అక్కడ బాటసారులకు అన్నము పెట్టిరి.

చూచితిరా, ఎంత ఆలోచన! భక్తుని కానుక రైతునకు నీరైనది. నీరు పంటయైనది. పంట నైవేద్యమైనది. నైవేద్యము ఆకలిగొన్నవానికి అన్నమైనది. నడుమ నెవ్వరును నష్టపోలేదు. ఇష్టాపూర్తములని మన శాస్త్రములు రెండు ధర్మములను జంటగా చెప్పినవి. యజ్ఞాదులు ఇష్టము. చెరువులు, బావులు, సత్రములు, తోటలు పూర్తము. తిరుపతి శాసనములలో ఇష్టమును పూర్తమును వేరుచేయలేనంతగా కలసిపోయినవి. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నమును నిందింపరాదని, త్రోసివేయరాదని, నీరే అన్నమని విధించినది. ఆ ఉపనిషదర్థము ఇక్కడ శిలాశాసనమైనది.

శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడుమారులు స్వామిని దర్శించెను. ఆయన యిచ్చిన ఆభరణములను అందరును తలతురు. తిరుమలదేవీ చిన్నాదేవీ సమేతముగ చేతులు మోడ్చి నిలిచిన ఆయన విగ్రహమును నేటికిని చూచుచున్నాము. కాని రామచంద్రాపురము వైపున రాయలపేరు మోయుచున్న రాయలచెరువును తలచువారు తక్కువ. అచ్యుతరాయల కాలమున కపిలతీర్థ పుష్కరిణికి రాతిమెట్లు, సంధ్యావందన మండపములు అమరినవి. ఆభరణము స్వామి మేనిమీద మెరయును. చెరువు స్వామి బిడ్డల కడుపు నింపును. రెండును కైంకర్యములే.

ఊరి శోభ

ఈ నగరపు శోభను కొంత తలచుకొందము.

మొదటిది వాక్సంపద. తాళ్లపాక అన్నమాచార్యులవారు, వారి సంతతివారు రచించిన సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమున చిన్న గదిలో శతాబ్దములపాటు నిదురించినవి. ఇరువదవ శతాబ్దమున అవి వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించి లోకమున కందించిరి. నేడు తెలుగుదేశమున ఏ పెండ్లిపందిట విన్నను ఆ పదములే. 1939లో శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ, 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1959లో సంగీత నృత్య కళాశాల, తరువాత సంస్కృత విద్యాపీఠము, 1983లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, 2006లో వేదవిశ్వవిద్యాలయము ఈ ఊర వెలసినవి. సంస్కృత విద్యాపీఠము 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది. ఇన్ని విద్యాస్థానములు ఒక్క ఊర నుండుట సామాన్యము కాదు.

రెండవది భాషల కూడిక. వేదపారాయణ మొకవైపు, ఆళ్వారుల ద్రావిడ ప్రబంధ మొకవైపు, అన్నమయ్య తెలుగు పద మొకవైపు – మూడును ఒకే స్వామి చెవినబడుచున్నవి. శాసనములలో అధికభాగము తమిళమున నున్నవి. వానిని చదివి కాపాడినది తెలుగుదేశము. ఇందు పోట్లాటకు చోటేది?

మూడవది గంగమ్మ జాతర. తాతయ్యగుంట గంగమ్మ శ్రీనివాసునకు చెల్లెలని ఊరివారి నమ్మకము. ఏటేట మే మాసమున జాతర జరుగును. అవిలాల నుండి అమ్మకు పుట్టింటి పసుపుకుంకుమలు వచ్చును. తిరుమల నుండి అన్నగారి సారె వచ్చును. చాటింపు వేసిన పిమ్మట జాతర ముగియువరకు ఊరివారు పొలిమేర దాటి రాత్రి గడపరాదని కట్టుబాటు. కైకాల వంశీయులు వేషములు ధరింతురు. బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము, సున్నపుకుండల వేషము – ఇట్లు దినమున కొకటి. స్త్రీల మానమునకు కీడు తలపెట్టిన పాలెగాని అమ్మవారు వెదకి వెదకి వధించిన గాథయే ఈ వేషములకు మూలము. మగవారు ఆడువేషము కట్టి మ్రొక్కు తీర్చుకొందురు. ఆగమశాస్త్రము ఎరిగిన కొందరు దీనిని గ్రామ్యమని తేలికగ చూచుట కద్దు. మా అభిప్రాయ మట్టిది కాదు. కొండమీది దేవుడు లోకమంతటికిని దేవుడు. ఆ ఊరివారికి తమదని చెప్పుకొన నొక తల్లి కావలెను కదా! ఆ తల్లి గంగమ్మ.

వీనికి తోడు మట్ల అనంతరాజు కట్టించిన గోవిందరాజస్వామి పెద్దగోపురము, కోదండరామాలయము, తిరుచానూరు పద్మసరోవరమున కార్తికమాసపు పంచమీతీర్థము, ఎఱ్ఱచందనపు బొమ్మలు చెక్కు పనివారు, చేరువనున్న శ్రీకాళహస్తి కలంకారీ అద్దకము – ఎన్నని చెప్పగలము!

అధికారము మారిన తీరు

1801లో ఈ సీమ కుంఫిణీవారి చేతికి వచ్చెను. ఆలయపు రాబడిని వారి కలెక్టరే చూచుచుండెను. 1843లో హాథీరాంజీ మఠము మహంతులకు నిర్వహణ అప్పగింపబడినది. 1933లో దేవస్థానముల కమిటీ యేర్పడినది. ఊరికి 1886లో పురపాలక సంఘము వచ్చెను. అది 2007లో నగరపాలక సంస్థయైనది. ఈ నడుమ రైలు వచ్చినది. 1944 ఏప్రిల్ 10న మొదటి కనుమదారి తెరువబడినది. 1974లో రెండవది. 1985లో తిరుమలయందు నిత్యాన్నదానము ప్రారంభమైనది. తరిగొండ వెంగమాంబ రెండు శతాబ్దముల క్రిందట తన చేతనైనంతలో పెట్టిన అన్నమే నేడామె పేరిటి భవనమున వేలమందికి అందుచున్నది.

దారి సులువైన కొలది జనము పెరిగిరి. పూర్వము తడనుండి బండి కట్టుకొని పోవువాడు దారిలో మజిలీలు చేయుచు, ఊరిలో రెండు మూడు దినములు నిలిచి, కపిలతీర్థమున మునిగి, గోవిందరాజుని సేవించి, అలిపిరి మెట్లెక్కి పోయెడివాడు. వానికి ఊరితో పరిచయముండెను. నేడు బస్సు దిగి మరియొక బస్సెక్కువానికి ఊరు ఒక మలుపు మాత్రమే. 2011 జనగణనలో నగరపాలక సంస్థ పరిధిలోని జనసంఖ్య 2,87,035. దినమునకు అరువది డెబ్బది వేలమంది యాత్రికులు వచ్చిపోవుచుందురు. అనగా నలుగురున్న ఇంటికి ప్రతిదినము మరియొక చుట్టము వచ్చినట్లు. చుట్టము దైవసమానుడే. ఐనను ఆ యింటి యిల్లాలి కష్టమును కూడ తలపవలయును.

ఊరి వ్యథ

ఊరి వ్యథలలో మొదటిది నీరు. తిరుపతి పేటల పేర్లు వినుడు. తాతయ్యగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట. గుంటయనగా నీరు నిలుచు చోటు. పేరులలో నీరున్నది. నేలమీద ఇండ్లున్నవి. ఊరు పెరుగవలసినదే. కాని నీరు పోవుదారిని, నిలుచుచోటును విడిచి పెరుగవలయునని పెద్దలు చెప్పిన మాటను ఎవ్వరును పాటింపలేదు. స్వర్ణముఖి ఏటిలో ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకయే కాని నీరు కనరాదు. 1970ల నుండి కల్యాణి ఆనకట్ట నీరు, అది చాలక తెలుగుగంగ పథకమున కండలేరు నుండి తెచ్చిన నీరు ఈ ఊరి దప్పిక తీర్చుచున్నవి. కృష్ణవేణీ జలము చెన్నపట్టణమునకు పోవుచు మన సత్యవేడు ప్రాంతమును దాటుట మీరు చూచుచునేయున్నారు. తన నీటిని కాపాడుకొనలేని ఊరు దూరపు నదిని ఆశ్రయింపవలసి వచ్చును. పట్టణములన్నిటి కథ యిదియే.

నీరు లేకుంట యొక బాధ, నీరు నిలువ చోటు లేకుంట మరియొకటి. 2021 నవంబరు మాసమున కుండపోత వాన కురిసినది. కొండ వాగులన్నియు ఒక్కమారుగా దిగినవి. కపిలతీర్థమున జలపాతము భయంకరమైనది. పల్లపు పేటలు మునిగినవి. శ్రీవారిమెట్టు దారి కొట్టుకొనిపోయి, మరుసటి యేడు మే మాసమువరకు మూతపడినది. రాయలచెరువు కట్టకు గండి పడునేమోయని క్రింది గ్రామములవారిని ఖాళీ చేయించిరి. పగలురేయి పనివారు, ఊరివారు కట్టను నిలుపుటకు పాటుపడిరి. అయిదు వందల యేండ్ల నాటి చెరువు ఆనాడు మనలను ఒక ప్రశ్న యడిగినది: "నన్ను త్రవ్విన వారి నైవేద్యము మీరు తినుచున్నారు. నన్ను చూచినవా రెవరు?"

రెండవది జనసమ్మర్దము. 2025 జనవరి 8వ తేదీ రాత్రి దిగువ తిరుపతిలో జరిగిన విషాదమును మీరందరు నెరుగుదురు. వైకుంఠద్వార దర్శనపు టోకెన్లు మరునాడు ఇచ్చెదరనగా ముందుగానే జనము చేరిరి. తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు ప్రాణములు విడిచిరి. పలువురు గాయపడిరి. అదే నెల 29న ప్రయాగ కుంభమేళయందును ఇట్టి దుర్ఘటనయే జరిగెను. ఏర్పాట్ల లోపముల విచారణ చేయుటకు ప్రభుత్వము, న్యాయవిచారణ కలవు. ఆ పని వారిది. శాస్త్రము చదివిన వారమని చెప్పుకొను మా వంటివారికి వేరొక పని కలదు. ఆ రాత్రి అక్కడ చేరినవారిని అంత తొందరపెట్టినదేమి? ఈ దినములు దాటినచో ఆ పుణ్యము దొరకదను భయము. ఆ భయమును పెంచినదెవరు? కొంతవరకు వేదికలెక్కి ఫలశ్రుతులు చెప్పు మావంటి ఉపన్యాసకులే.

కనుక స్పష్టముగ చెప్పుచున్నాము. ఏకాదశీ వ్రతమునకు అంగములు ఉపవాసము, జాగరణము, భగవన్నామస్మరణము, ద్వాదశీ పారణ. వీనికి టోకెను అక్కరలేదు. ఇంటనుండియే చేయవచ్చును. మీ ఊరి రామాలయమున వెలసిన అర్చామూర్తిలో లేని భగవంతుడు మరెక్కడను లేడు. అర్చావతారమునకు తరతమభేదము లేదని మన ఆచార్యుల సిద్ధాంతము. తిరుమలలో వైకుంఠద్వారము పూర్వము ఏకాదశీ ద్వాదశులయందు మాత్రము తెరచెడివారు. 2020 డిసెంబరు నుండి పది దినములు తెరచుచున్నారు. జనసమ్మర్దమును పంచుటకే ఆ యేర్పాటు. ఐనను మొదటి దినమే, మొదటి గడియయే కావలెనను ఆత్రము మనలో నుండినంతకాలము పది దినములైనను, నూరు దినములైనను చాలవు. తోటి భక్తుని త్రొక్కి చేరిన ద్వారము వైకుంఠద్వారమని ఏ శాస్త్రమును చెప్పలేదు.

తడవారికి ఈ మాటకు సాక్ష్యము చేరువనే కలదు. సూళ్లూరుపేటలో కాళంగి యొడ్డున చెంగాళమ్మ తల్లి వెలసియున్నది. ఆ గుడి వాకిలి రేయింబవళ్లు మూయబడదు. తలుపులు వలదనియే అమ్మవారి సంకల్పమని పెద్దలు చెప్పుదురు. ఏ జామున పోయినను తల్లి కనబడును. ఎన్నడును మూయని వాకిలి మన యింటిప్రక్క నుండగా, పది దినములు తెరచు వాకిలికై ప్రాణములు పోగొట్టుకొనుట భక్తియా? తిరుమలకు పోవలదని కాదు మా మాట. తప్పక పోవలయును. సమ్మర్దము లేని దినమున, మనస్సు నిలుచు దినమున పోవలయును.

కలిప్రభావమనుట తగునా?

ఇట్టి కష్టములు చెప్పినప్పుడు కొందరు భక్తులు 'అంతయు కలిప్రభావము, మన చేతిలో నేమున్నది' అని నిట్టూర్తురు. ఈ మాట వినుటకు వైరాగ్యము వలె నుండును కాని నిజమునకు సోమరితనము. సాళువ నరసింహరాయల కాలమును, అచ్యుతరాయల కాలమును కలియుగమే కదా! దండయాత్రలు, కరవులు వారికిని కలవు. వారు చెరువులు త్రవ్విరి. మనము పూడ్చితిమి. యుగమొక్కటే, నడత వేరు. శ్రీనివాసుడు కలియుగదైవమని మనము కీర్తించుచున్నాము. కలియుగమున ధర్మము సాగదని యనువాడు ఆ నామమునకే అర్థము తెలియనివాడు.

అరుణప్రశ్నమున అరుణకేతుక వ్రతము చెప్పబడినది. ఆ వ్రతమును పట్టినవాడు నీటియందు మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు అని వేదము విధించినది. జలమునందు అగ్నిచయన ఫలమును పొందగోరువానికి మొదటి నియమ మిది. మురుగుకాలువల శాస్త్రము పుట్టకపూర్వమే వేదము నీటి మర్యాద చెప్పెను. దానిని స్వరము తప్పక వల్లించి, పుష్కరిణి మెట్లమీద ఎంగిలి విస్తరి వదలి వచ్చినచో ఆ అధ్యయనము నోటివరకే నిలిచినది.

మన కర్తవ్యము

కావున భక్తజనులకు మేము చేయు మనవి స్వల్పమైనది.

తిరుపతికి పోవువారు ఊరిని గూడ క్షేత్రముగ భావింపుడు. ఆచార్యులవారు తీర్చిన గోవిందరాజుని వీధులలో ఒక ఝాము నడువుడు. మీరు పారవేయు ప్రతి ప్లాస్టిక్ సీసా, సంచి ఆ ఊరి కాలువలోనే చేరును. వానపడినప్పుడు అదే పేదవాని యింటి ముంగిట నీరు నిలుపును. తిరుమలకొండమీద ప్లాస్టికు వలదనినవారు తెలివిగలవారే. కొండ దిగిన వెంటనే ఆ నియమము ముగియదు.

దానము చేయ సంకల్పించినవారు శాసనముల పద్ధతిని జ్ఞప్తి యందుంచుకొనుడు. హుండీలో వేయునది వేయుడు. దానితోపాటు మీ ఊరి చెరువు కలుజును బాగుచేయుటకును, కాలువలో పూడిక యెత్తించుటకును, చలివేంద్రము పెట్టుటకును కొంత వెచ్చింపుడు. తడ, సూళ్లూరుపేటల చుట్టునున్న చెరువులు పులికాటు సరస్సునకు ఎగువనున్నవి. ఇక్కడి చెరువు మంచిదైనచో రైతు బ్రతుకును, మత్స్యకారుడును బ్రతుకును. స్వామికి ముడుపు కట్టి ఊరి చెరువునకు వెచ్చించినను అది స్వామికి చేరదని మేము అనుకొనము. సాళువవారి నాడు చేరినది కదా!

తిరుపతివాసులైన కైంకర్యపరులకు, వర్తకులకు, సత్రములవారికి మా మనవి మరియొకటి. వచ్చినవాడు బేరము కాదు, అతిథి. నిలువ నీడలేక వచ్చిన గోవిందరాజునకు చోటిచ్చిన ఊరది. అర్ధరాత్రి పిల్లలతో బస్సుదిగిన తడ రైతునకు గ్రుక్కెడు నీరు, కూర్చుండుటకు అరుగు దొరకినచో ఆ ఊరి పుట్టుక సార్థకమగును.

ఇక పిల్లలకు ఊరి చరిత్ర చెప్పుడు. గుంటయని పేరున్న ప్రతి పేట యొద్దను ఆగి, ఇక్కడ నీరుండెనని చూపుడు. పేరు నిలిచియున్నంతకాలము తిరిగి తెచ్చుకొను ఆశ నిలిచియుండును. పేరును గూడ మార్చితిమా, ఇక పోయినదేమో తెలియని వారమగుదుము.

క్షేత్రమనగా పొలమని మొదట విన్నవించితిమి. పొలమునకు యజమానుడు స్వామి. మనము కౌలుదారులము. కౌలుదారుడు పంట ననుభవించుట తప్పుకాదు. గట్లు తెంపి, కాలువ పూడ్చి, తరువాతివానికి చవిటినేల అప్పగించుట మాత్రము యజమానునికి ద్రోహము. మనకు తాతలు మాగాణి నిచ్చిరి. మాగాణిగానే మనుమలకిచ్చుట మన ఋణము. శ్రీనివాసుడు ఆ ఋణము తీర్చుకొను బుద్ధిని, బలమును మనకు ప్రసాదించుగాక.

ఇతి శమ్.